అందంగా... అందేలా!

ఏ పండగ ముందో బీరువా సర్దడానికి కూర్చుంటే అడుగు అరలోంచి ఎన్నెన్ని బయటపడతాయో! కొంగు చిరిగిన నేతచీర, కాలర్ అరిగిన చొక్కా, రంగు వెలిసిన దుప్పటి. ఇక జాకెట్టు ముక్కల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒకింటి పేరంటంలో మనకు పెడతారు, మనం ఇంకొకరికి పెడతాం, ఆవిడ మరొకరికి. ఊరంతా తిరిగి మళ్ళీ తమ ఇంటికే వచ్చిన ముక్కను గుర్తుపట్టినవాళ్ళూ ఉన్నారు!

పాత బట్టలన్నీ మూటగట్టి స్టీలు సామాన్లావిడకి వేస్తే ఒక గిన్నె వస్తుంది. వేయండి, తప్పులేదు. కాకపోతే అందులోంచి ఓ నాలుగైదు పక్కన పెట్టండి. ఇంట్లో పిల్లల గదికీ, మీ వీధిలో ఉన్న అంగన్‌వాడీకో ప్రాథమిక పాఠశాలకో పనికొచ్చేవి వాటితో బోలెడు కుట్టొచ్చు. పెద్ద పనితనం అక్కర్లేదు. మిషన్ మీద తిన్నగా కుట్టు వేయడం వస్తే చాలు. మిషన్ లేకపోతే సూదీ దారం ఎలాగూ ఉన్నాయి.

బడి ఎందుకంటారా? మా పిన్ని కూతురు ఒక పల్లెటూరి బడిలో ఒకటో తరగతి టీచరు. ఆగస్టు 15 వస్తోందంటే థర్మోకోల్ అక్షరాలు, రంగు కాగితాల గొలుసులు, చార్టులు తెచ్చి గది నిండా అతికిస్తారు. వానాకాలం చెమ్మకు దసరా సెలవుల్లోపే ఒక్కో మూల ఊడి వేలాడుతుంటాయి. అదొక ఎత్తు. ఆ అమ్మాయి చెప్పిన ఇంకో మాట నాకు బాగా పట్టుకుంది. "అక్కా, మా గోడ అందంగానే ఉంటుంది. పిల్లలకే అందదు" అంది.

నిజమే కదా! ఒకటో తరగతి పిల్లవాడు ఉండేది మూడున్నర అడుగులు, అటూ ఇటూగా. మనం మన కంటి ఎత్తులో, అయిదడుగుల దగ్గర బొమ్మ తగిలిస్తాం. వాడికి కనపడేది దాని అడుగు అంచు. అంటే ఆ అలంకారం అంతా వచ్చిపోయే పెద్దవాళ్ళ కోసం అన్నమాట.

అలాగని ఉన్నవన్నీ కిందకి దించి గోడ నింపేయడమూ మంచిది కాదు. అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్ళు 2014లో ఒక అధ్యయనం ప్రచురించారు. 24 మంది చిన్నపిల్లలకు ఆరు పాఠాలు చెప్పారు. మూడు నిండా అలంకరించిన గదిలో, మూడు ఖాళీ గోడల గదిలో. తర్వాత ప్రశ్నలడిగితే ఖాళీ గదిలో విన్నవాటికి 55 శాతం సరైన జవాబులొచ్చాయి, అలంకరించిన గదిలో విన్నవాటికి 42 శాతమే. పిల్లలు కొద్దిమందే కావచ్చు, కానీ ఆలోచించాల్సిన సంగతే. బోర్డు ఉన్న గోడను ఖాళీగా వదిలేయండి. మిగతా చోట్ల కూడా నాలుగే ఉండనివ్వండి, అవి పిల్లలు చేత్తో ముట్టుకుని వాడుకునేవై ఉండాలి. అందుకు గుడ్డను మించింది లేదు. లాగినా చిరగదు, మాసితే ఉతుక్కోవచ్చు.

పేర్ల జేబులు

దీనికి కాస్త మందంగా ఉన్న పాత దుప్పటి కావాలి. 40 అంగుళాల వెడల్పు, 62 అంగుళాల పొడవు ముక్క కత్తిరించండి. పక్క అంచులు మడిచి కుట్టండి. పైన ఏడంగుళాలు వదిలి, అక్కడినుంచి అడ్డంగా మడతలు పెట్టాలి. చీరకు కుచ్చిళ్ళు పెట్టుకుంటాం చూడండి, అదే, కాకపోతే నిలువుకి బదులు అడ్డంగా. మడత నోరు పైకి ఉండాలి, లోతు రెండంగుళాలు. అంటే ఒక్కో మడతకు నాలుగంగుళాల గుడ్డ లోపలికి పోతుంది. ఒక మడత నోటికీ దాని కింది మడత నోటికీ మధ్య ఆరంగుళాలు ఎడం ఉంచితే అయిదు వరసలొస్తాయి. ఇస్త్రీ చేసి గుండుసూదులు పెట్టి, రెండు పక్కలా, మధ్యలో మరో రెండు చోట్ల పైనుంచి కిందిదాకా కుట్టు వేసేయండి. ఈ నిలువు కుట్లు లేకపోతే బరువుకి మడతలు విచ్చుకుపోతాయి. పైన కర్ర దూర్చడానికి గొట్టంలా మడిచి కుట్టి, అడుగు అంచు కూడా మడిచేస్తే మూడడుగుల తెర తయారు.

ఇందులో ఏం పెట్టాలన్నది టీచరు ఇష్టం. మా చెల్లెలి తరగతిలో పిల్లల పేర్లు రాసిన అట్టముక్కలు కింద ఒక బుట్టలో ఉంటాయి. పొద్దున్నే వచ్చి ఎవరి పేరు వాళ్ళు వెతుక్కుని జేబులో పెట్టాలి. ఇంకా అక్షరాలు రానివాడికి కూడా తన పేరు మాత్రం తెలిసిపోతుంది. బుట్టలో మిగిలిన అట్ట ఎవరిదో చూసి, "టీచర్, వాడు నిన్న కూడా రాలేదు" అని పిల్లలే చెబుతారట. ఇంట్లో అయితే ఇదే తెర దువ్వెనలకీ, రిబ్బన్లకీ, సాక్సులకీ. పొద్దున బడికెళ్ళే వేళ "అమ్మా, నా ఇంకో సాక్సేదీ?" అన్న కేక కొంచెం తగ్గుతుంది.

చొక్కా దిండు

ఇది చాలా తేలిక. కాలర్ అరిగిన చొక్కా తీసుకోండి. ఆయన్ని అడిగి మరీ కత్తెర పెట్టండి సుమా! అయిదేళ్ళుగా తొడగని చొక్కా మీద కూడా కత్తెర కనపడగానే మగవాళ్ళకు ఎక్కడలేని ప్రేమా పుట్టుకొస్తుంది. గుండీలన్నీ పెట్టి నేలమీద పరిచి, ముందు భాగం, వెనక భాగం రెండూ కలిపి 16 అంగుళాల చదరం కత్తిరించండి. గుండీపట్టీ నడిమికి రావాలి. మంచివైపులు లోపలికి ఉండేలా పెట్టి నాలుగు పక్కలా కుట్టేసి, గుండీలు విప్పి అక్కణ్ణుంచే తిరగేయండి. జిప్పు లేదు, తాళ్ళు లేవు, గలీబు తయారైపోయింది. చొక్కా జేబు కూడా కలిసొస్తే మరీ మంచిది. అందులో పిల్లలు ఏమేం దాస్తారో మీరే చూద్దురుగాని.

దీన్నే బడిలో చదువుకు వాడొచ్చు. మరియా మాంటిసోరీ 1907లో రోమ్ నగరంలో తన మొదటి బాలల గృహం తెరిచారు. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధకాలమంతా మన దేశంలోనే ఉండి ఎంతోమంది టీచర్లను తయారుచేశారు. ఆవిడ పద్ధతిలో చెక్క చట్రాలకు గుడ్డ బిగించి, ఒకదానికి గుండీలు, ఒకదానికి హుక్కులు, ఇంకోదానికి ముడివేసే తాళ్ళు పెట్టి పిల్లల చేతికిస్తారు. బట్టలు వేసుకోవడం, విప్పుకోవడం కూడా పాఠమే అన్నమాట. చట్రం లేకపోయినా మన చొక్కా దిండు ఆ పని చేసిపెడుతుంది. మామూలు చొక్కా గుండీ నాలుగేళ్ళ వేళ్ళకు మరీ చిన్నది. స్వెట్టరుకుండేలాంటి పెద్ద గుండీ కుట్టి, కాజా కొంచెం కోసి చుట్టూ కాజా కుట్టు వేయండి.

ఇదేదో ఆట అనుకోకండి. నిక్కరు గుండీ తీసుకోవడం చేతకాక తరగతిలోనే తడుపుకున్న పిల్లవాడు మర్నాడు బడికి రానంటాడు. ఎందుకో ఇంట్లో చెప్పడు. కడుపునొప్పంటాడు. అలాంటి పిల్లలు ఏటా ఒకరిద్దరుంటారని టీచర్లంటారు. వారం పదిరోజులు దిండు గుండీలతో కుస్తీ పడితే ఆ బాధ తప్పుతుంది.

ఒక్క జాగ్రత్త. మూడేళ్ళలోపు పిల్లలున్న చోట గుండీలు వద్దు, నోట్లో పెట్టుకుంటారు. మిగతాచోట్ల కూడా రెట్టింపు దారంతో గట్టిగా కుట్టండి.

బొంత ఆసనాలు

బొంత మనకు కొత్తేం కాదు. అమ్మమ్మల కాలంలో ఎండాకాలం మధ్యాహ్నాలు సావిట్లో పాత చీరలు పరుచుకుని నలుగురూ నాలుగు మూలలా కూర్చుని కుట్టేవారు. బెంగాల్లో కాంథా కూడా ఇలా పాత చీరల పొరల్లోంచి పుట్టిందే. చీర అంచులోని రంగు దారాలు లాగి వాటితోనే కుట్టేవారట. ఇప్పుడు కాంథాకు షోరూముల్లో ఎంత గిరాకీనో! మన బొంతకి మాత్రం ఇంకా అటకే గతి.

చలికాలం పొద్దున సిమెంటు నేలమీద కూర్చునే పిల్లలకు బొంతను మించినది లేదు. అయితే గదికంతా ఒకటే పెద్ద బొంత కుట్టకండి. ఒకడు తడిపితే అంతా పిండాలి, వానల్లో అది ఆరదు. ఎవరిది వాళ్ళకు 15 అంగుళాల చదరం చాలు. మామూలు నూలుచీర అయిదున్నర మీటర్లుంటుంది, వెడల్పు 45 అంగుళాలు. అడ్డంగా మూడు, పొడవునా పద్నాలుగు చొప్పున 42 ముక్కలొస్తాయి. ఎనిమిదేసి పొరలు పేరిస్తే ఒక చీరకు అయిదు ఆసనాలు. కత్తిరించేముందు చీరను వెలుతురుకు అడ్డంగా పట్టి చూడండి. పీలికలైన చోటు తెలిసిపోతుంది. అలాంటి ముక్కలు లోపలి పొరల్లోకి, గట్టివి పైకీ కిందికీ.

ముందు నడిమినుంచి అంచులవైపు కచ్చా కుట్టు వేసుకోండి, లేకపోతే పొరలు జరిగిపోయి ముడతలొస్తాయి. తర్వాత రెండు వేళ్ళ ఎడంగా వరసలు కుట్టుకుంటూ పోవడమే. మిషన్ అయితే 16 నంబరు సూది వేసి, కుట్టు పొడవు పెంచండి. చుట్టూ అంచుకు పట్టీ కావాలి కదా? పేరంటాల్లో తిరిగి తిరిగి వచ్చిన జాకెట్టు ముక్కకి ఇప్పుడు మోక్షం! రెండంగుళాల పట్టీలు కత్తిరిస్తే ఒక్క ముక్క అయిదు ఆసనాలకూ సరిపోయి మిగులుతుంది. ఒక మూల చిన్న ఉంగరంలా పట్టీ కుట్టి వదిలేస్తే సాయంత్రం ఎవరిది వాళ్ళు మేకుకు తగిలించి పోతారు.

పడమటి కిటికీ ఉన్న గదుల్లో మధ్యాహ్నం ఎండ బోర్డు మీద పడి మెరుస్తుంది. ఆ పక్కన కూర్చున్నవాళ్ళకు అక్షరం కనపడదు. లేతరంగు మంగళగిరి చీరో, నారాయణపేట చీరో నాలుగు సమభాగాలు చేస్తే నాలుగడుగుల ఎత్తు కిటికీలు రెంటికి కర్టెన్లొస్తాయి, కిటికీకి రెండేసి. ముదురురంగువి వద్దు, కరెంటు పోతే గది చీకటైపోతుంది. పొయ్యి ఉన్న అంగన్‌వాడీ గదిలో అసలు కర్టెన్ జోలికే పోవద్దు.

తోరణాలంటారా, దర్జీ దగ్గర కత్తిరింపుల మూట అడిగి తెచ్చుకోండి. వజ్రం ఆకారంలో ముక్కలు కత్తిరించి, తాడు మీదుగా మడిచి ఒక కుట్టు వేస్తే చాలు. జెండా పండగ అయ్యాక తీసి ఉతికి దాచుకుంటే మళ్ళీ ఏడాదికి అవే.

ఏది కుట్టినా గుడ్డలు ముందు ఉతికి ఆరేయండి. రంగు దిగుతుందేమోనని అనుమానం ఉంటే తడిపిన తెల్లగుడ్డ దానిమీద వేసి ఇస్త్రీపెట్టెతో నొక్కండి. తెల్లగుడ్డకు రంగంటితే దాన్ని పక్కన పెట్టేయడమే. బడికి ఇవ్వదలచుకుంటే టీచర్ని ముందు అడగండి. ఆవిడకు కావలసింది తోరణాలు కాక ఆసనాలే కావచ్చు.

కొలతలకు వెళ్ళేటప్పుడు టేపుతోపాటు ఒక సుద్దముక్క కూడా తీసుకెళ్ళండి. తరగతిలో అందరికన్నా పొట్టి పిల్లనో పిల్లవాణ్ణో గోడకి ఆనించి నిలబెట్టి, చెయ్యి పైకెత్తమనండి. వేళ్ళు తగిలినచోట గీత గీయండి. పేర్ల తెర మేకులు ఆ గీతకు కిందే కొట్టాలి.