బందరు జనం ఎటు పోయారు?

1901 జనాభా లెక్కలు బెజవాడ వాళ్లకు చూపిస్తే నమ్మరు. ఆనాడు బందరులో, అంటే మచిలీపట్నంలో, 39,507 మంది ఉంటే, బెజవాడలో ఉన్నది 24,224 మందే. నూటపదేళ్లు గడిచేసరికి ఆ బెజవాడే విజయవాడగా పది లక్షలు దాటింది. మచిలీపట్నం లక్షా డెబ్బై వేల దగ్గర ఆగింది. ఆగిందనడం కూడా సరికాదు. 2001తో పోలిస్తే 2011లో తొమ్మిది వేల మందికి పైగా తగ్గారు. ఆ పదేళ్లలో ఊరిని ముంచేసిన ఉప్పెన లేదు, ఊరు ఖాళీ చేయించే కరువూ లేదు. కలెక్టరేటు, కోర్టులు, కాలేజీలు, రైలు అన్నీ ఉన్న జిల్లా కేంద్రం ఉన్నచోటే చిన్నదైపోయింది.

ఉప్పెన సంగతి ఎత్తితే 1864 దగ్గరికి వెళ్లాలి. ఆ నవంబరు 1 రాత్రి సముద్రం ఊరి మీదికొచ్చి ముప్పై వేల మందిని పొట్టన పెట్టుకుందని అంటారు. కానీ బందరు వెనకబాటుకు బీజం అంతకు ముందే పడింది. 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయింది. నీళ్లు కాలవల్లోకి మళ్లాయి, డెల్టా పచ్చబడింది, పంటతో పాటు వ్యాపారం ఎగువకు జరిగింది. తర్వాత రైళ్లన్నీ బెజవాడలో కలుసుకున్నాయి. బందరుకు మిగిలింది ఒక కొస లైను, పూడుకుపోతున్న రేవు. ఇవాళ్టికీ పుణె నుంచి వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి ఇక్కడికొచ్చి అయిపోతుంది. రోడ్డు చివర ఉన్న ఊరికి దారినపోయే వాళ్లు రారు. పనుంటేనే రావాలి.

ఒకప్పుడు పనుండి వచ్చినవాళ్లకు లెక్కలేదు. గోల్కొండ సుల్తానులకు ఇది పెద్ద రేవు. పర్షియా వర్తకులు ఇక్కడ కొట్లు పెట్టారు. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు, ఆ తర్వాత ఫ్రెంచివాళ్లు దిగారు. వాళ్ల గుర్తుగా మిగిలిన వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట పేర్లు రిక్షావాడికి చెబితే చాలు, తిన్నగా తీసుకెళ్లి దింపుతాడు. ఫ్రెంచివాళ్ల చేతిలో ఇక్కడ మిగిలిన కాస్త జాగా 1947 దాకా వాళ్ల పేరునే ఉంది. బందరు లడ్డూ అని లోకమంతా చప్పరించే తొక్కుడు లడ్డూ బుందేల్‌ఖండ్ నుంచి వచ్చి స్థిరపడ్డ బొందిలీల చేతి వంట అంటారు. మొహర్రం వస్తే పీర్ల వెంట నడిచేవాళ్లలో హిందువులూ ఉంటారు.

మతం మాట వచ్చింది కాబట్టి ఒక చిక్కు చెప్పాలి. మిషనరీ రాబర్ట్ నోబుల్ 1843లో ఇక్కడ బడి పెట్టాడు. అది నోబుల్ కాలేజీ అయింది. మిషనరీల పని అక్కడితో ఆగక పల్లెల్లోకి పాకింది. ఇప్పుడు డెల్టాలో చర్చి లేని దళితవాడ దొరకడం కష్టం. జనాభా లెక్కల్లో చూస్తే 2011 ఉమ్మడి రాష్ట్రంలో క్రైస్తవులు 1.34 శాతమే! ఎవరూ అబద్ధాలకోర్లు కారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ హోదా పోతుంది. పిల్లల చదువు, ఉద్యోగం దాని మీదే ఉంటే ఎన్యూమరేటరుకు ఎవరైనా ఏం చెబుతారు? ఈ ప్రాంతం జనాభాను పుస్తకం చూసి మాత్రమే రాసేవాడు ఆదివారం పూట ఒకసారి ఊళ్లోకి రావాలి.

ఉన్నవాళ్లను ఊళ్లో నిలబెట్టింది చేతిపనులే. చిలకలపూడి రోల్డుగోల్డు నగలకు ముడిసరుకు ఎక్కడిదైనా గొలుసు అల్లేది ఇంటి అరుగు మీద ఆడవాళ్లు. బందరు పక్కనున్న పెడనలో అచ్చులతో కలంకారీ అద్దకం, దాని పక్కనే దేవాంగుల, పద్మశాలీల మగ్గాలు. వీటిలో పనిచేసేవాళ్లు పదవీ విరమణ వరకూ ఉండే ఉద్యోగులు కారు. ముక్కకింత కూలి. అందుకే తర్వాతి తరం అల్లిక వదిలి బస్సెక్కుతోంది. తల్లులే ఎక్కిస్తున్నారు కూడా.

ఇదే జిల్లాలోని గుడివాడ తీరు వేరు. 2011లో లక్షా పద్దెనిమిది వేల మంది. చుట్టూ వరి, ఆపైన చేపల చెరువులు, నడిమధ్య రైల్వే జంక్షను. అక్కినేని పేరున్న కాలేజీ 1950 నుంచి ఇక్కడ పిల్లల్ని చదివిస్తోంది. ఎన్టీఆర్‌ను 1983లో శాసనసభకు పంపిన ఊరిది. చదువు, భూమి రెండూ కలిసినచోట పిల్లలు అమెరికా వెళ్లారు. పరిసర గ్రామాల్లో కొత్త మేడలకు తాళాలుంటాయి, పక్కింట్లో తల్లిదండ్రులుంటారు. చెరువు తవ్వితే ఎకరా రాబడి పెరుగుతుంది. నాట్లు వేసే ఆడకూలీల పని మాత్రం పోతుంది, పని వెతుక్కుంటూ వాళ్లు ఊరు విడుస్తారు. వలసంటే అమెరికా ఒక్కటే గుర్తొచ్చేవాళ్లు ఈ రెండో వలసను చూడరు.

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుగా చీలి సముద్రంలో కలిసే లోపల ఉన్నదే దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెనలో ప్రభుత్వ లెక్కల్లోనే మృతులు పది వేల దగ్గర. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్లలో వయసు అడిగితే ఇప్పటికీ ‘ఉప్పెనప్పటికి ఇంతవాణ్ణి’ అనే పెద్దవాళ్లున్నారు. సముద్రాన్ని నమ్ముకున్న అగ్నికులక్షత్రియులు, మడఅడవుల అంచున పీతలు పట్టి బతికే యానాదులు, కరకట్ట లోపల రైతులు. ముగ్గురికీ ఒకటే భయమైనా, నష్టం మాత్రం ఒకటి కాదు. భూమి ఉన్నవాడికి ఉప్పునీరు దిగాక చేను మిగిలింది. వల, పడవ పోయినవాడికి ఏదీ మిగల్లేదు.

2022 ఏప్రిల్‌లో విజయవాడ ఎన్టీఆర్ జిల్లాగా విడిపోయాక కొత్త కృష్ణా జిల్లాకు ఇలాంటి ఊళ్లే మిగిలాయి. మచిలీపట్నం అంతకు ముందే, 2015లో నగరపాలక సంస్థ అయింది. నగరం హోదా వచ్చింది, జనం రాలేదు. 2021లో జరగాల్సిన లెక్కలు జరగలేదు కాబట్టి 2011 తర్వాత తగ్గుదల ఆగిందో పెరిగిందో అంకెల్లో లేదు. జనం తిరిగొస్తారన్న ఆశ ఇప్పుడు పోర్టు మీద ఉంది. తపసిపూడి దగ్గర దాని పనులు 2023 మేలో మొదలయ్యాయి. దానికి ముందే రెండు మూడు శంకుస్థాపనలు చూసిన బందరు వాళ్లు ఓడ కనబడ్డాకే మాట్లాడతామంటున్నారు. పోర్టు నడిచినంత మాత్రాన ఊరు నిండదు. క్రేన్లు తిప్పే రేవుకు మనుషులు తక్కువే కావాలి. గిలకలదిండి మత్స్యకారుల పిల్లలకు, పెడన మగ్గం మీది కుర్రాడికి ఆ ఉద్యోగాలు దక్కేలా శిక్షణ ఎవరు ఇస్తారో ఇంకా తేలలేదు.