హైబ్రిడ్ కారులో విద్యుత్తు ఎక్కడిది?

సాయంత్రం ఆరు గంటల వేళ హైదరాబాదులోని హైటెక్ సిటీకి ఎప్పుడైనా వెళ్ళారా? 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తర్వాత ఆ చుట్టుపక్కల ఎన్నో కార్యాలయాలు వెలిశాయి. అవి విడిచే సమయానికి రోడ్లన్నీ వాహనాలతో నిండిపోతాయి. కూడలిలో ఎర్రదీపం వెలగగానే అన్నీ ఆగుతాయి గాని, చాలా వాటి యింజన్లు ఆగవు. నిలబడి ఉన్న పెట్రోలు కారు కూడా గంటకు అర లీటరు నుండి ఒక లీటరు దాకా తాగుతూనే ఉంటుంది.

ఆ వరుసలో ఒక కారు మాత్రం చడీచప్పుడు లేకుండా నిలబడి ఉంటుంది. ఆకుపచ్చదీపం రాగానే అంత నిశ్శబ్దంగానూ కదిలిపోతుంది. డ్రైవరు ఎదుట ఉన్న పలక మీద 'ఈవీ' అనే అక్షరాలు వెలుగుతాయి. అంటే కారు అప్పుడు విద్యుత్తుతో నడుస్తున్నదన్నమాట. కాని దానికి ప్లగ్గు లేదే! ఇంటి దగ్గర కరెంటుకు ఎవరూ తగిలించలేదే! మరి ఆ విద్యుత్తు ఎక్కడిది?

అది హైబ్రిడ్ కారు. రెండు రకాల మొక్కలను కలిపి సంకరజాతి విత్తనం తయారుచేసినట్లే, ఇందులో పెట్రోలు యింజనును, విద్యుత్ మోటారును జతచేశారు. ఈ ఆలోచన పాతదే. 1900లోనే ఫెర్డినాండ్ పోర్షే ఇటువంటి బండిని తయారుచేశాడు. పెద్ద సంఖ్యలో తయారై అమ్ముడైన మొదటి హైబ్రిడ్ కారు టొయోటా ప్రియస్. అది 1997 డిసెంబరులో జపానులో వచ్చింది. మన దేశంలో 2022లో వచ్చిన మారుతి గ్రాండ్ విటారా హైబ్రిడ్ కూడా ఈ కోవలోనిదే.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేద్దాం. మనుషులతో కలిపి కారు ద్రవ్యరాశి 1,400 కిలోగ్రాములు, వేగం గంటకు 36 కి.మీ., అనగా సెకనుకు 10 మీటర్లు అనుకొనండి. గతిజ శక్తి ½ mv² కదా! ½ × 1,400 × 10 × 10 = 70,000 జౌళ్ళు. మామూలు కారులో బ్రేకు నొక్కితే ఈ శక్తి అంతా రాపిడి వల్ల వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. మళ్ళీ కదలాలంటే మళ్ళీ పెట్రోలు కాల్చవలసిందే.

హైబ్రిడ్ కారులో అలా కాదు. బ్రేకు నొక్కినప్పుడు చక్రాలే మోటారును తిప్పుతాయి. అప్పుడు మోటారు జనరేటరుగా మారి విద్యుత్తును పుట్టించి బ్యాటరీలోకి పంపుతుంది. హైటెక్ సిటీ రోడ్ల మీదుగా పోయే మెట్రో రైలు కూడా ఆగేటప్పుడు ఇదే పని చేస్తుంది. అయితే కారు జనరేటరులోనూ, బ్యాటరీలోకి వెళ్ళేటప్పుడూ, బయటికి వచ్చేటప్పుడూ, మోటారులోనూ కొంత నష్టం తప్పదు. ఒక్కొక్క మెట్టులో నూటికి పది వంతులు పోతాయనుకొంటే, 100లో చివరకు మిగిలేది సుమారు 66. అంటే 70,000 జౌళ్ళలో దాదాపు 46,000 జౌళ్ళు తిరిగి పనికివస్తాయి. బ్రేకు గట్టిగా, హఠాత్తుగా నొక్కితే జనరేటరు అంత శక్తిని అందుకోలేదు. మిగిలినది మామూలు బ్రేకుల్లో వేడిగా పోతుంది. అందుచేత దూరం నుండే నెమ్మదిగా ఆపేవారికి పొదుపు ఎక్కువ.

రెండో లాభం కూడా ఉంది. నత్తనడకలో పెట్రోలు యింజను పనితనం చాలా తక్కువ. వంద మందికి వండే పొయ్యి మీద ఒక్క కప్పు టీ కాచినట్లుంటుంది. హైబ్రిడ్ కారు ఆ సమయంలో యింజనును ఆపి మోటారుతో నడుస్తుంది. యింజను తిరిగేటప్పుడు దానికి తగినంత పని ఇచ్చి, మిగిలిన శక్తిని బ్యాటరీలో దాస్తుంది.

కాని ఆ బ్యాటరీ ఎంతటిది? గ్రాండ్ విటారాలో ఉన్నది సుమారు 0.76 యూనిట్. మన ఇంటి కరెంటు బిల్లులోని యూనిట్టే ఇది. ఒక యూనిట్ 36 లక్షల జౌళ్ళు కాబట్టి, అది దాదాపు 27 లక్షల జౌళ్ళు. ఒక లీటరు పెట్రోలులో సుమారు 320 లక్షల జౌళ్ళుంటాయి. పెట్రోలు ట్యాంకు బావి అయితే, ఈ బ్యాటరీ చెంబు మాత్రమే!

ఎండాకాలంలో ఏసీ గంటకు ఒక యూనిట్ వాడుతుందనుకొందాం. బ్యాటరీ మన్నిక కోసం దాన్ని నిండుగా నింపరు, పూర్తిగా ఖాళీ కానివ్వరు. అందులో సగం, అంటే 0.38 యూనిట్ వాడుకొన్నా, 23 నిమిషాల్లో అయిపోతుంది. అందుకే మే నెలలో వాహనాల రద్దీలో చిక్కుకొన్న హైబ్రిడ్ కారు యింజను, కారు కదలకపోయినా, ఉండుండి తిరుగుతుంది.

అదే కారు గచ్చిబౌలి దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎక్కిందనుకొనండి. అక్కడ ఎర్రదీపాలు లేవు, బ్రేకులతో పని తక్కువ. కాబట్టి తిరిగి పట్టుకొనే శక్తీ తక్కువే. పైగా వేగం రెండింతలైతే గాలి నిరోధం నాలుగింతలవుతుంది. అందువల్ల హైబ్రిడ్ ఆధిక్యం నగరంలో కనిపించినంతగా అక్కడ కనిపించదు.

ఈ కారుకు ప్రకటించిన మైలేజి లీటరుకు 27.97 కి.మీ. ఇది ప్రయోగశాలలో, తిరిగే రోలర్ల మీద, ఏసీ ఆపి, నిర్ణీత వేగాలతో సుమారు 20 నిమిషాలు నడిపి చూసే పరీక్షలో వచ్చిన సంఖ్య. కార్లను ఒకదానితో ఒకటి పోల్చడానికి అది పనికివస్తుంది. మన రోడ్డు మీద సరిగ్గా అంతే వస్తుందని మాత్రం అనుకోరాదు.

మరొక పొరపాటు కూడా జరుగుతుంటుంది. 'ప్రయాణంలో నూటికి 60 వంతులు విద్యుత్తుతో సాగింది' అని పలక మీద కనిపించవచ్చు. అంటే పెట్రోలు నూటికి 60 వంతులు మిగిలిందని అర్థం కాదు. బ్యాటరీలో చేరిన ప్రతి జౌలూ యింజను ఇచ్చిందో, బ్రేకు వేసినప్పుడు దొరికిందో అయి ఉంటుంది. బ్రేకు వేసినప్పుడు దొరికినదీ అంతకు ముందు కాలిన పెట్రోలు నుండి వచ్చినదే. హైబ్రిడ్ కారు కొత్త శక్తిని పుట్టించదు, ఉన్నదాన్ని వృథా కానివ్వదు, అంతే.

మీకు తెలిసినవారికి ఇటువంటి కారుంటే మీరే పరీక్షించి చూడండి. ట్యాంకు నిండా పెట్రోలు పోయించి, మీటరు అంకె రాసుకొనండి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక, అదే బంకులో మళ్ళీ నిండా పోయించండి. 460 కి.మీ.కు 20 లీటర్లు పట్టిందనుకొంటే, మైలేజి 23. ఎండాకాలంలో ఒకసారి, చలికాలంలో ఒకసారి చేసి, రెండు అంకెలనూ పోల్చండి. తేడా ఎందుకు వచ్చిందో ఇప్పుడు మీరే చెప్పగలరు.