మృగస్వభావ పరిజ్ఞానము

జపానుదేశపు కాప్‌కామ్ సంస్థవారు 2004వ సంవత్సరమున “మాన్‌స్టర్ హంటర్” అను వీడియో ఆటను వెలువరించిరి. పలువురు తల్లులు దీనిని హింసావినోదమని నిరసింతురు. కాని యిందు జయము భుజబలమువలనఁ గాక పరిశీలనమువలనఁ గలుగునని మా యభిప్రాయము.

నిప్పులు గ్రక్కు “రథాలోస్” నింగి కెగిరినపుడు వెలుఁగుగుండుతో కన్నులు మిఱుమిట్లు గొలిపినచో నేలఁ గూలును. ఇసుకలో దాఁగిన “డయాబ్లోస్” తీవ్రధ్వనికి బెదరి వెలికి వచ్చును. మృగము చొంగ కార్చిన నలసినదనియు, కుంటినచోఁ జావునకు సమీపించినదనియు నెఱుంగవలెను. తొందరపడువాఁడు సాధారణముగా మూఁడుమార్లు పడి వేటను గోల్పోవును.

కావున బిడ్డ యోడి విసిగినపుడు కసరక, “ఆ మృగము దెబ్బకు ముందేమి చేసినది నాయనా?” యని యడుగుఁడు. ఓర్పుతోఁ జూచుట యలవడినచో నా గుణము చదువునందును దోడ్పడును.