‘మఫుల్’ – వస్త్రం నుంచి ధ్వనికి: ఒక ఆంగ్ల క్రియ అర్థవిపరిణామం

‘మఫుల్’ అనగానే ధ్వనిని మందగింపజేయడమే నేడు స్ఫురిస్తుంది. కానీ ఆ పదం పుట్టుకలో ధ్వని ప్రసక్తే లేదు. మధ్యయుగ లాటిన్‌లో ‘ముఫ్ఫుల’, ప్రాచీన ఫ్రెంచిలో ‘మూఫ్ల్’ అంటే మందపాటి చేతితొడుగు. ఈ మూలం నుంచే వచ్చిందని భావించే క్రియ 15వ శతాబ్దపు ఆంగ్లంలో చలికో, ఆనవాలు దొరకకుండానో వస్త్రం చుట్టుకోవడాన్ని తెలిపేది. గంట నాలుకకు తోలు, పడవ తెడ్డుకు గుడ్డ చుడితే చప్పుడు తగ్గుతుంది. 18వ శతాబ్దానికి ఆ ఫలితమే పదానికి అర్థమైంది. మన ఆలంకారికుల పరిభాషలో ఇది కార్యకారణ సంబంధం గల లక్షణ.

తెలుగులోకి వచ్చిన ‘మఫ్లర్’ పాత అర్థాన్నే నిలుపుకొంది. అది మెడకు చుట్టుకొనే ఉన్నిగుడ్డ. అమెరికన్లు అదే పేరుతో పిలిచే వాహనభాగం మనకు ‘సైలెన్సర్’. (‘ముసుగు’తో పోలిక చూసి జ్ఞాతిపదమనుకోరాదు, అది కేవలం యాదృచ్ఛికం.)

చిక్కు అనువాదంలో వస్తుంది. సైనిక అంత్యక్రియల్లో నల్లగుడ్డ కప్పి వాయించే ‘మఫుల్డ్ డ్రమ్స్’ను తరగతిలో ఒక విద్యార్థి ‘గొంతు నొక్కిన డప్పులు’ అన్నాడు. గొంతు నొక్కడంలో బలప్రయోగముంది, శబ్దం ఆగిపోవడముంది. మఫుల్ చేసిన శబ్దం ఆగదు. వస్త్రం హెచ్చు పౌనఃపున్యాలను ఎక్కువగా పీల్చుకుంటుంది, తక్కువవి దాటి వస్తాయి. స్పష్టత పోయి గుబగుబ మిగులుతుంది. పైగా అనంతపురం పల్లెల్లో చావుకు తప్పెటను మంటకు కాచి, చర్మం బిగిసి ఖంగుమనేలా చేసి వాయిస్తారు. అక్కడ దుఃఖానికి గుర్తు మందధ్వని కాదు. అందువల్ల ‘గుడ్డ కప్పిన డప్పులు’ అని రాసి, ఆచారాన్ని అధోజ్ఞాపికలో వివరించడమే మేలని నా అభిప్రాయం.

ఎదురు దిశలో నష్టం ఇంకా ఎక్కువ. బోరు ఎండి, వేరుశనగ పోయి, అప్పులవాడు వాకిట నిలిచిన ఇంట్లో ఇల్లాలు ‘నోట్లో కొంగు కుక్కుకొని ఏడ్చింది’ అని కరవు సీమ కథకుడు రాస్తాడు. ‘మఫుల్డ్ సాబ్’ అంటే ఆంగ్ల పాఠకుడికి మందమైన ఏడుపు ఒక్కటే వినిపిస్తుంది. ఆ క్రియ ఏనాడో మరచిన వస్త్రం తెలుగు వాక్యంలో ఇంకా ఉంది: ఏడ్చే మనిషిదే, ఆమె చేతిలోనిదే. వాకిట్లోని వాడికి వినపడకూడదన్న ఆమె పట్టుదల ఆ కొంగులోనే ఉంది కనుక, వాక్యం ఎంత పొడుగైనా కొంగును ఆంగ్లంలోకి తీసుకుపోవలసిందే.