కాటా మీద అడ్వెంచర్ బండి

తిరుమలగిరిలో మా వీధి చివర పాత ఇనుప సామాన్ల కొట్టు ఒకటి ఉంది. ఒక ఆదివారం పొద్దున, ఏడాదిగా నా బండికి తగిలిస్తూ వచ్చిన సరంజామానంతా విప్పి, గోనెసంచుల్లో వేసుకుని అక్కడికి వెళ్ళాను. అమ్మడానికి కాదు, తూకం వేయించడానికి. క్రాష్ గార్డు 5.2 కిలోలు. వెనక ర్యాకు, దాని మీది పెట్టె కలిపి 6.4. సంచులు తగిలించే పక్క ఫ్రేములు రెండూ 3.8. ఇంజన్ కింద బిగించే రేకు 2.6. మొత్తం 18 కిలోలు. "ఇంకా ఏమన్న ఉందా అన్నా?" అన్నాడు కొట్టతను, కిలోకి ఎంత కట్టాలో మనసులో లెక్క వేసుకుంటూ.

ఇంటికి తెప్పించుకునే 20 లీటర్ల క్యానులోని నీళ్ళ బరువుకు ఇది రెండు కిలోలే తక్కువ. అంత బరువును ఏడాదిపాటు ఎక్కించుకుని తిరిగానన్నమాట. అదీ తేలిగ్గా ఉంటుందని ఏరికోరి కొన్న బండి మీద.

చిన్న అడ్వెంచర్ బండి కొన్నవాళ్ళు, కొనబోయేవాళ్ళు ఏం మార్చుకోవాలి, ఏది ముట్టుకోకూడదు, ఏ వరసలో చేసుకోవాలి అన్నది ఆ కాటా దగ్గరినుంచే చూద్దాం.

ఈ బండి తీరు

ఈ తరహా బండిని హీరో కంపెనీ 2011లోనే ఇంపల్స్ పేరుతో తెచ్చింది. ఇంజన్ 149 సీసీ. గుంతల్ని లెక్కచేసేది కాదు గానీ జోరు తక్కువ. కొన్నేళ్ళకే ఆగిపోయింది. 2019 మే నెలలో అదే కంపెనీ నుంచి ఎక్స్‌పల్స్ 200 వచ్చింది. మొదటి ధర 97,000 రూపాయలు. 2021లో నాలుగు వాల్వుల ఇంజన్‌తో వచ్చిన రకం సుమారు 19 హార్స్‌పవర్ ఇస్తుంది, 158 కిలోలు తూగుతుంది. నాది అదే. 2025లో నీటితో చల్లబడే 210 సీసీ ఇంజన్ కూడా వచ్చింది.

మామూలు బండికీ దీనికీ తేడా ఇంజన్‌లో కన్నా చక్రాల దగ్గర ఎక్కువ. ముందు చక్రం 21 అంగుళాలు. ఎడ్లబండికి అంత పెద్ద చక్రం ఎందుకో పల్లెలో పుట్టినవాళ్ళకు చెప్పనక్కరలేదు. చక్రం పెద్దదైతే గుంతలో పడదు, అంచు మీదుగా దొర్లిపోతుంది. ఇక ముందు ఫోర్కు 190 మిల్లీమీటర్లు, వెనక చక్రం 170 మిల్లీమీటర్లు కిందికీ పైకీ ఆడతాయి. ఇంజన్ అడుగుకీ నేలకీ మధ్య 220 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటుంది. వానాకాలంలో బోయిన్‌పల్లి వైపు నీళ్ళ కింద ఏ గుంత ఉందో తెలియని రోడ్డు మీద ఈ అంకెల విలువ తెలుస్తుంది.

కంపెనీ నేర్పిన పాఠం

ఎక్స్‌పల్స్‌ను పందేలకు తగ్గట్టు మార్చుకోవడానికి 2020లో కంపెనీయే ర్యాలీ కిట్ అని ఒకటి అమ్మింది. ధర 38,000 రూపాయలు. అందులో ఏమున్నాయో చూస్తే మనకు సగం జవాబు దొరుకుతుంది. ముందు 250, వెనక 220 మిల్లీమీటర్లు ఆడే సస్పెన్షన్, మట్టిలో పట్టుండే టైర్లు, చదునైన సీటు, హ్యాండిల్‌ను ఎత్తు చేసే దిమ్మెలు, పొడుగాటి గేరు లివరు, పెరిగిన ఎత్తుకు తగ్గ సైడ్ స్టాండు. ఇంజన్ బలం పెంచే సామాను లేదు. పెట్టెలు లేవు, అదనపు లైట్లు లేవు.

మనవాళ్ళు సాధారణంగా దీన్ని తిరగేసి చేస్తారు. కొన్న నెలలోనే లైట్లు, పెట్టె, మోత మోగే సైలెన్సరు బిగిస్తారు. సస్పెన్షన్ జోలికి వెళ్ళరు, ఎందుకంటే అది ఫొటోలో కనపడదు.

ముందు ఒంటికి సరిపెట్టుకోవాలి

మొదటి మార్పులకు రూపాయి ఖర్చు లేదు. ఫుట్‌రెస్టుల మీద నిలబడి నడపండి. నడుం వంగిపోతుంటే హ్యాండిల్‌ను క్లాంపులు వదులు చేసి కాస్త ముందుకు తిప్పాలి. బ్రేకు, క్లచ్ లివర్లు నిలబడ్డప్పుడు మణికట్టు విరగకుండా వేళ్ళకు అందాలి. ఆ తర్వాతే దిమ్మెలు కొనాలా అన్న ఆలోచన.

సీటు ఎత్తు 825 మిల్లీమీటర్లు. పొట్టివాళ్ళకు రెండు కాళ్ళూ ఆనవు. వెంటనే వెనక లింకులు మార్చి బండిని దించేయమనేవాళ్ళుంటారు. అలా దించితే నేలకున్న ఖాళీ తగ్గుతుంది, ముందు భాగం తిరిగే తీరు మారుతుంది, సైడ్ స్టాండు మీద బండి నిటారుగా నిలిచి పడిపోయే ప్రమాదమూ ఉంటుంది. సీటు కుట్టేవాళ్ళ దగ్గర ఫోమ్ కొంచెం చెక్కించుకోవడం, ఒక కాలు మాత్రమే ఆనించడం అలవాటు చేసుకోవడం దానికన్నా మేలు.

స్ప్రింగు లెక్క

మనిషి కూర్చోగానే బండి కొంత కిందికి దిగాలి. మొత్తం ఆటలో మూడో వంతు దిగితే సరిగ్గా ఉన్నట్టు. అంతకన్నా ఎక్కువ దిగితే గుంత తగలగానే అడుగుకు కొడుతుంది. తక్కువ దిగితే చక్రం నేలను వదిలేస్తుంది.

దీన్ని మా అపార్ట్‌మెంటు సెల్లార్‌లో కొలిచాం. వెనక చక్రం గాలిలో ఉండేలా బండిని లేపి, ఇరుసు నుంచి సీటు కింద ఒక బోల్టు దాకా టేపు పెడితే 615 మిల్లీమీటర్లు. తర్వాత హెల్మెట్, బూట్లతో సహా నేను ఎక్కి, గోడకు మోచెయ్యి ఆనించి కూర్చున్నాను. మా అబ్బాయి మళ్ళీ కొలిచాడు. 540. అంటే 75 మిల్లీమీటర్లు దిగింది. వెనక ఆట 170 కాబట్టి దిగాల్సింది 57 దాకానే. స్ప్రింగును ముందే కొంత నొక్కిపెట్టే ప్రీలోడ్‌ను మెట్టు మెట్టుగా బిగిస్తూ పోతే 558 దగ్గర ఆగింది. సరిపోయింది. రెండు కొలతలు, ఒక స్పానరు, అరగంట. చేయించుకున్న మార్పులన్నిటిలో తేడా బాగా తెలిసింది దీనితోనే.

ప్రీలోడ్ బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుందని ఒక అపోహ ఉంది. నిజానికి గట్టిపడదు. బండి నిలబడే ఎత్తు మాత్రమే మారుతుంది. చివరి మెట్టు దాకా బిగించినా బండి దిగిపోతోందంటే మీ బరువుకు, సామానుకు ఆ స్ప్రింగు చాలదని అర్థం. అప్పుడు స్ప్రింగే మార్చాలి, లేదా సామాను దించాలి.

టైరూ, పళ్ళూ

స్పోకుల చక్రాలు దెబ్బ తగిలితే వంగుతాయి గాని పగలవు. కాని వాటిలో ట్యూబు ఉంటుంది, మేకు దిగితే గాలి ఒక్కసారిగా పోతుంది. కాబట్టి పెద్ద గడ్డల టైరు కొనేముందు స్పేర్ ట్యూబు, టైర్ లివర్లు, చేతిపంపు కొనండి. వెనక చక్రాన్ని ఇంటి దగ్గర ఒక్కసారైనా విప్పి బిగించండి. గడ్డల టైరు మట్టిలో ఎంత బాగుంటుందో తడిసిన తారు మీద అంత జారుతుంది. ఆరు రోజులు ప్యాట్నీ, ప్యారడైజ్ సిగ్నళ్ళలో, ఏడో రోజు నర్సాపూర్ అడవి దారిలో తిరిగే బండికి మధ్యరకం టైరే సరి.

చైను తిప్పే పళ్ళచక్రం, అంటే స్ప్రాకెట్ గురించి రాణిగంజ్‌లో స్పేర్‌పార్ట్‌ల కొట్టులో అడిగితే, కౌంటరు వెనక కుర్రాడు ఒక్క వాక్యంలో తేల్చేశాడు: "ముందు ఒక పన్ను తగ్గిస్తే గుట్ట మంచిగ ఎక్కుతది అన్నా, మేడ్చల్ రోడ్డు మీద మాత్రం అరుస్తది." లెక్కా అదే చెబుతుంది. ముందు 13, వెనక 40 పళ్ళు ఉన్నాయనుకుందాం. వెనక పళ్ళచక్రం ఒకసారి తిరగాలంటే ముందుది 3.08 చుట్లు తిరగాలి. 12కి దిగితే 3.33 చుట్లు. లాగే బలం 8 శాతం పెరిగింది. అదే వేగానికి ఇంజన్ కూడా 8 శాతం ఎక్కువ తిరగాలి, నిమిషానికి 6,000 తిరిగేది 6,500 తిరగాలి. చిన్న ఇంజన్‌లో కొత్త బలం పుట్టదు. ఉన్నదాన్ని ఎక్కడ ఖర్చు పెట్టాలో మాత్రమే మనం ఎంచుకుంటాం.

వైర్ల దగ్గర జాగ్రత్త

నా తప్పు కూడా చెప్పుకోవాలి. 40 వాట్ల లైట్లు రెండు పెట్టించుకున్నాను. బిగించినతను హెడ్‌లైట్ వైరునే కోసి, దానికే కలిపి, టేపు చుట్టాడు. 80 వాట్లంటే 12 వోల్టుల బ్యాటరీ నుంచి దాదాపు 7 ఆంపియర్లు. సన్నటి వైరు అది మోయలేదు. ఒక వానరాత్రి కార్ఖానా రోడ్డులో ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది, ఆ వెంటనే మొత్తం లైట్లు ఆరిపోయాయి. ఫోను టార్చి వెలుగులో బండి తోసుకుంటూ ఇంటికి చేరాను. బ్యాటరీ నుంచి విడిగా ఒక వైరు, దానికి ఫ్యూజు, మధ్యలో రిలే ఉంటే ఇది జరిగేది కాదు. ఎదుటివాళ్ళ కళ్ళు జిగేలుమనిపించే లైట్లయితే అసలు పెట్టుకోకపోవడమే మర్యాద.

చట్టం ఏమంటుంది

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకూ ఆర్సీలో రాసిన వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే ఖాయం చేసింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణలో, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని రాశారు. బండి రంగు మార్చినా ఆర్టీఏ ఆఫీసుకు వెళ్ళి ఆర్సీలో ఎక్కించుకోవాల్సిందే.

సైలెన్సరు సంగతి ఇంకా ముఖ్యం. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టరు, ఆక్సిజన్ సెన్సరు ఆ గొట్టంలోనే ఉంటాయి. దాన్ని తీసేస్తే మోత పెరగడమే కాదు, పెట్రోలు, గాలి పాళ్ళు కూడా తప్పుతాయి. చీరగార్డు అందం చెడగొడుతుందని చాలామంది విప్పేస్తారు. వెనక కూర్చున్నవాళ్ళ బట్టలు చక్రంలో చిక్కుకోకుండా రక్షణ ఉండాలన్నది మోటారు వాహనాల నిబంధనల్లో 123వది. తగిలించిన వస్తువుల సంగతి ఇన్సూరెన్సు కంపెనీకి ముందే చెప్పకపోతే, ప్రమాదం జరిగినప్పుడు వాటి డబ్బు అడిగే వీలుండదు.

తిరిగి బిగించినవి

కాటా దగ్గరనుంచి వచ్చాక నేను మళ్ళీ బిగించినవి రెండే. ఇంజన్ కింద రేకు, ఎందుకంటే రాళ్ళు తగిలేది అక్కడే. క్రాష్ గార్డు, ఎందుకంటే నా బండి పడుతుంది. పెట్టె, ర్యాకు, పక్క ఫ్రేములు అటక మీదికి పోయాయి. 10.2 కిలోలు తగ్గాయి. ఊరికి వెళ్ళేటప్పుడు సీటు మీద గుడ్డ సంచి కట్టుకుంటున్నాను.

మొన్న నర్సాపూర్ దాటాక ఒక చెరువు కట్ట పక్కన బురదలో బండి పక్కకు ఒరిగింది. పోయినేడు ఇలాగే పడితే, దారిన పోయే ఇద్దరిని పిలిచి లేపించుకున్నాను. ఈసారి హ్యాండిల్ ఒక చేత్తో, సీటు పక్కన పట్టీ ఒక చేత్తో పట్టుకుని, మోకాళ్ళు వంచి, ఒక్కణ్ణే లేపాను. రొప్పు వచ్చింది. అయినా లేచింది.