ఫైరింగ్ పిన్ భద్రత

ఫైరింగ్ పిన్ భద్రత అనగా ట్రిగ్గరు నొక్కనంతవరకు పిస్తోలులోని ఫైరింగ్ పిన్ను ముందుకు కదలకుండా పట్టి ఉంచే ఏర్పాటు. పిస్తోలు చేజారి క్రింద పడినపుడు దానంతట అది పేలకుండా చూడడం దీని ముఖ్య ప్రయోజనం. విడిభాగాలు మార్చిన పిస్తోలులో ఈ ఏర్పాటును ప్రత్యేకంగా పరీక్షించవలసి ఉంటుంది.

పనిచేసే విధానం

తూటా అడుగున ప్రైమరు అనే చిన్న లోహపు గిన్నె ఉంటుంది. అందులోని రసాయనం గట్టి దెబ్బ తగిలితే మండుతుంది. ట్రిగ్గరు నొక్కినపుడు సుత్తి ఫైరింగ్ పిన్నును కొడుతుంది; పిన్ను ప్రైమరును తాకి తూటాను పేలుస్తుంది.

బస్సు హఠాత్తుగా ఆగినపుడు నిలబడిన ప్రయాణికులు ముందుకు తూలుతారు. అదేవిధంగా పిస్తోలు గొట్టం క్రిందుగా నేలను తాకి ఆగినపుడు లోపలి పిన్ను జడత్వం వలన ముందుకు సాగుతుంది. దానికి తగిన వేగం ఉంటే ట్రిగ్గరును ఎవరూ తాకకున్నా తూటా పేలవచ్చు. దీనిని నివారించడానికి పిన్నుకు ఒక చిన్న అడ్డుకట్ట అమరుస్తారు. ట్రిగ్గరు నొక్కినపుడు మాత్రమే అది తొలగుతుంది. కోల్ట్ సంస్థ 1983లో ప్రవేశపెట్టిన సిరీస్ 80 పిస్తోళ్ళలో ఇటువంటి ఏర్పాటు కలదు. బ్రౌనింగ్ హై-పవర్ తొలి నమూనాలలో ఇది లేదు. మార్క్ 3 నమూనాలో చేర్చబడింది.

మార్పుల ప్రభావం

పోటీల కొరకు కొందరు ట్రిగ్గరును తేలికపరుస్తారు, స్ప్రింగులను మారుస్తారు. సుత్తి స్ప్రింగు బలహీనమైతే ప్రైమరుకు దెబ్బ చాలక తూటా పేలకపోవచ్చు. పిన్ను స్ప్రింగు బలహీనమైతే క్రింద పడినపుడు ప్రమాదం పెరుగుతుంది. బరువు తక్కువ పిన్ను వాడితే జడత్వ ప్రమాదం తగ్గుతుంది.

నొక్కిన ప్రతిసారి పేలడం విశ్వసనీయత. నొక్కనపుడు పేలకపోవడం భద్రత. ఇవి రెండు వేరు గుణాలు. గుండు పేలే ప్రతిసారీ అడ్డుకట్ట తొలగే ఉంటుంది కనుక, అది విరిగినా, అసలు లేకపోయినా పిస్తోలు చక్కగా పేలుతూనే ఉంటుంది. కావున వేల గుండ్లు కాల్చినా భద్రత రుజువు కాదు.

పరీక్షలు

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో 2001 నుండి అమలులోకి వచ్చిన చట్టం ఈ రెండింటికీ వేర్వేరు పరీక్షలు నిర్దేశించింది.

విశ్వసనీయత: 600 గుండ్లు కాల్చాలి. మొదటి 20 గుండ్లలో ఏ లోపమూ రాకూడదు. మొత్తం మీద 6 లోపాలకు మించరాదు.

భద్రత: మందు, గుండు లేక ప్రైమరు మాత్రమే ఉన్న తూటా గుల్లను అమర్చి, పిస్తోలును 1 మీటరు 1 సెంటీమీటరు ఎత్తు నుండి కాంక్రీటుపై 6 భంగిమలలో పడవేస్తారు. ప్రైమరు పేలరాదు.

అయినా పరీక్షకు అందని కోణాలు ఉండవచ్చు. సిగ్ సావర్ సంస్థవారి పి320 పిస్తోలు కొన్ని కోణాలలో పడినపుడు పేలుతున్నట్లు 2017లో బయటపడింది. ట్రిగ్గరే తన బరువు వలన వెనుకకు కదలడం ఇందుకు కారణం. సంస్థ ఆ ఏడాది ఆగస్టులో తేలికపాటి ట్రిగ్గరు అమర్చే సవరణను ప్రకటించింది.

భారతదేశంలో

2024 అక్టోబరు 1న ముంబైలో సినీనటుడు గోవిందా తన లైసెన్సు రివాల్వరు చేజారి పేలడంతో కాలికి గాయమైనట్లు తెలిపాడు.

1959 ఆయుధ చట్టం 5వ సెక్షను ప్రకారం తుపాకుల తయారీ, అమ్మకాలకే గాక మరమ్మతు, మార్పు, పరీక్షలకు కూడా లైసెన్సు ఉండాలి. కావున ఇంటివద్ద పిస్తోలును మార్చడం నేరం. మియాపూర్ ప్రాంతం సైబరాబాద్ పోలీసు కమిషనరేట్ పరిధిలో ఉన్నది.

మియాపూర్‌కు సమీపాన గచ్చిబౌలిలో షూటింగ్ రేంజి కలదు. హైదరాబాదుకు చెందిన ఈషా సింగ్ 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో 25 మీటర్ల పిస్తోలు విభాగంలో వ్యక్తిగత రజతం, జట్టు స్వర్ణం సాధించింది. ఈ విభాగపు అంతర్జాతీయ నియమాల ప్రకారం ట్రిగ్గరు బరువు 1000 గ్రాములకు తగ్గరాదు. పోటీలో అధికారులు ట్రిగ్గరుకు తూకపురాయి తగిలించి, పిస్తోలును పైకెత్తి దీనిని పరీక్షిస్తారు.