కాదన్నవాళ్లకూ కుర్చీ

సామాజిక న్యాయం కోసం పనిచేసే సంస్థ రేపు ఎటు వెళ్లాలో ఎవరు తేల్చాలి? ఆఫీసు గదిలో కూర్చున్న నలుగురా, సభలో ఉన్న అందరూనా? కాంటర్‌బరీ నుంచి వరంగల్ దాకా ఎన్నో సంస్థలను కుదిపేసిన ప్రశ్న ఇది.

నెల్సన్ మండేలా విషయంలో ఏం చేయాలో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ సభ్యులు 1964లో తేల్చుకోవాల్సి వచ్చింది. సంస్థ పుట్టి అప్పటికి మూడేళ్లే. లండన్ లాయరు పీటర్ బెనెన్సన్ 1961 మే 28న ‘అబ్జర్వర్’ పత్రికలో రాసిన వ్యాసంతో అది మొదలైంది. నమ్మిన మాట చెప్పినందుకు జైలుపాలైనవాళ్లను ‘మనస్సాక్షి ఖైదీలు’గా గుర్తించి, వాళ్లను విడిచిపెట్టమని ఊరూరా సభ్యులు ఉత్తరాలు రాసేవాళ్లు. షరతు ఒక్కటే. ఆ ఖైదీ హింసకు దిగి ఉండకూడదు, హింసను సమర్థించి ఉండకూడదు. సమ్మెకు పిలుపిచ్చాడని, పాస్‌పోర్టు లేకుండా దేశం దాటాడని 1962లో మండేలాకు ఐదేళ్ల శిక్ష పడినప్పుడు ఆమ్నెస్టీ ఆయన్ను తన జాబితాలో చేర్చుకుంది. ఆ తర్వాత విధ్వంస ఆరోపణలతో రివోనియా కేసు వచ్చింది. విధ్వంస చర్యలకు పథకం వేసిన మాట నిజమేనని ఆయనే బోనులో నిలబడి ఒప్పుకున్నాడు.

శాంతంగా అడిగే దారులన్నీ మూసేసిన ప్రభుత్వం మీద తిరగబడినవాణ్ని వదిలేస్తే ఇక మనం ఉన్నదెందుకని కొందరు వాదించారు. ఒక్క మనిషి కోసం నియమం సడలిస్తే రేపు ఏ ప్రభుత్వాన్నీ నిలదీసే అర్హత ఉండదని మరికొందరన్నారు. నాయకులు ఆ ప్రశ్నను తమ దగ్గరే తేల్చేయకుండా సభ్యుల ముందు పెట్టారు. ఆ ఏడాది కాంటర్‌బరీలో జరిగిన సమావేశంలోనూ అదే చర్చ. మెజారిటీ నియమం వైపే నిలిచింది. మండేలా పేరు ఆ జాబితాలోంచి పోయింది. దక్షిణాఫ్రికా జైళ్లలో చిత్రహింసల మీద, ఉరిశిక్షల మీద సంస్థ మాత్రం గొంతు ఎత్తుతూనే ఉంది. 2006లో అదే ఆమ్నెస్టీ తన అత్యున్నత పురస్కారాన్ని మండేలాకు ఇచ్చింది, ఆయన తీసుకున్నాడు.

అరవై ఏళ్లు దాటినా ఆ నిర్ణయం తప్పా ఒప్పా అని వాదించుకోవచ్చు. నాకైతే ఓడినవాళ్ల వాదనే బలంగా కనిపిస్తుంది. అయినా ఆ ఓటింగు మీద గౌరవం తగ్గదు. నియమం సభ్యులది కాబట్టి దాన్ని ఉంచాలా మార్చాలా అన్నది వాళ్లే చెప్పాలని అనుకోవడం, ఓడినవాళ్లను ద్రోహులుగా చూడకపోవడం చిన్న సంగతులు కావు.

ఆ పద్ధతి తర్వాత ఒక యంత్రాంగంగా కుదురుకుంది. ఒక్కో దేశంలోని విభాగం తీర్మానాల ముసాయిదాలు పంపేది. అవి ముందుగానే అందరికీ చేరేవి. రెండేళ్లకోసారి జరిగే అంతర్జాతీయ మండలి సమావేశంలో వాదన, ఓటు. పని నత్తనడకన సాగేది. స్వలింగ సంపర్కులన్న కారణంతో జైల్లో పెట్టినవాళ్లను మనస్సాక్షి ఖైదీలుగా గుర్తించాలా అన్న చర్చ 1970ల్లో మొదలై 1991లో యోకొహామా సమావేశంలో గానీ తేలలేదు. అన్నేళ్లు జైళ్లలో మగ్గినవాళ్ల వైపు నుంచి చూస్తే ఆ జాప్యం క్రూరమే. కానీ ఒకసారి తేలాక మళ్లీ వెనక్కి పోలేదు. ఎందుకంటే ఒప్పుకోనివాళ్లకు చెప్పుకోవడానికి అన్నేళ్లూ అవకాశం దొరికింది. ప్రభుత్వాలే కాదు, సాయుధ బృందాలు చేసే దారుణాలను కూడా ప్రశ్నించాలని సంస్థ నిర్ణయించుకున్నదీ ఆ యోకొహామాలోనే.

వరంగల్ వాదన

సరిగ్గా ఆ చివరి ప్రశ్నే 1990ల్లో తెలుగు నేల మీద మరింత నెత్తుటి వాతావరణంలో నలిగింది. 1970ల్లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం ఎన్‌కౌంటర్ల మీద నిజనిర్ధారణ చేసి, కోర్టులకెక్కి, రాజ్యాన్ని రాజ్యాంగం ముందు నిలబెట్టింది. దానికి చెల్లించిన మూల్యం మామూలుది కాదు. వరంగల్‌లో పిల్లల డాక్టరుగా పేరున్న ఎ. రామనాథంను 1985 సెప్టెంబరు 3న ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. మరుసటి ఏడాది జగిత్యాలలో జాపా లక్ష్మారెడ్డి, 1991లో వరంగల్‌లో లాయరు నర్రా ప్రభాకర్ రెడ్డి హతమయ్యారు. ఇలాంటి సంఘంలో కూర్చుని, నక్సలైట్ ఉద్యమకారులు చేసే హత్యల సంగతేమిటని అడగడానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి. అడిగినవాడు శత్రువు పాట పాడుతున్నాడనే మాట ఆ గదిలోనే పుడుతుంది.

అడిగినవారిలో ముఖ్యుడు కె. బాలగోపాల్. కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పిన మనిషి, 1983 నుంచి పదిహేనేళ్లు ఆ సంఘానికి ప్రధాన కార్యదర్శి. హక్కు మనిషికి పుట్టుకతో వచ్చింది, దాన్ని కాలరాసేది ఎవరైనా సరే ప్రశ్నించాలన్నది ఆయన వాదన. రాజ్యం ఒక్కటే కాదు, కులం, కుటుంబం, మగపెత్తనం కూడా హక్కులను హరిస్తాయని, ప్రజల పేరుతో ఆయుధం పట్టినవాళ్లకు మినహాయింపు ఉండదని ఆయన అన్నాడు. అవతలి పక్షం వాదన కూడా తేలిగ్గా తీసేయదగింది కాదు. సైన్యం, పోలీసు, కోర్టు, జైలు అన్నీ చేతిలో ఉన్న రాజ్యాన్నీ, దాన్ని ఎదిరించే బలహీనుణ్నీ ఒకే తూకంలో వేస్తే న్యాయం ఎక్కడుంటుందని వాళ్లు అడిగారు.

ఏళ్ల తరబడి సభల్లో, పత్రికల్లో ఆ వాదన తెలుగులోనే జరిగింది. జిల్లా కార్యకర్త నుంచి విశ్వవిద్యాలయ అధ్యాపకుడి దాకా చదివి ఏదో ఒక పక్షం తీసుకోగలిగారు. చివరికి కలిసి నడవడం కుదరలేదు. 1998లో బాలగోపాల్, ఆయనతో ఏకీభవించినవాళ్లు బయటికొచ్చి ఆ అక్టోబరులో మానవ హక్కుల వేదికను పెట్టుకున్నారు.

ఈ చీలికను వైఫల్యంగా చెప్పేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. విడిపోయాక రెండు సంస్థలూ బతికాయి, రెండూ ఊళ్లకు వెళ్లి నిజనిర్ధారణ చేశాయి. ఎందుకు విడిపోయారో రెండు వైపులా కాగితం మీద ఉంది. పాతికేళ్ల తర్వాత ఏ విద్యార్థి అయినా చదివి తన తీర్పు తాను ఇచ్చుకోవచ్చు. బయటికి ఒక్క మాటా పొక్కకుండా లోపల కుళ్లిపోయిన సంస్థల సంగతి అలా కాదు.

ఇంటి గుట్టు

ప్రపంచం గురించి అంత బాగా చర్చించుకున్న ఆమ్నెస్టీ తన గురించి తాను చర్చించుకోవాల్సి వచ్చినప్పుడు తడబడింది. 2010లో సంస్థలో స్త్రీల హక్కుల విభాగానికి అధిపతి గీతా సహగల్, రచయిత్రి నయనతార సహగల్ కూతురు. అమెరికా నడిపే గ్వాంటనామో జైలు నుంచి విడుదలైన మొజ్జం బేగ్‌తో, ఆయన నడిపే ‘కేజ్‌ప్రిజనర్స్’ సంస్థతో ఆమ్నెస్టీ వేదికలు పంచుకోవడం మీద ఆమె అభ్యంతరం చెప్పింది. బేగ్‌కు జరిగిన అన్యాయాన్ని ప్రశ్నించాల్సిందే, కానీ తాలిబన్ మద్దతుదారుగా తాను చూసే ఆయన్ను హక్కుల యోధుడిగా పక్కన కూర్చోబెట్టుకోవడం స్త్రీల సమానత్వానికి ద్రోహమని ఆమె వాదన. గ్వాంటనామో అక్రమాల మీద స్వయంగా అనుభవించినవాడు మాట్లాడటం అవసరమని సంస్థ వాదన. రెండింటికీ సభలో చోటుండాల్సింది. లోపల ఎవరూ పట్టించుకోలేదంటూ ఆమె ఒక పత్రికకు చెప్పింది. ఫిబ్రవరి 7న అది అచ్చయిన కొన్ని గంటల్లోనే ఆమెను సస్పెండ్ చేశారు. ఏప్రిల్ కల్లా ఆమె బయటికొచ్చేసింది.

ఇంటి గుట్టు లంకకు చేటన్న భయం సంస్థలను ఎంత గట్టిగా పట్టుకుంటుందో ఇక్కడ కనిపిస్తుంది. బయటి శత్రువులు కాచుకుని ఉన్నమాట నిజమే. కానీ ఆ భయాన్ని అడ్డం పెట్టుకున్న ప్రతిసారీ లోపల నోరు మూతపడేది నిజాయతీపరులకే.

ఆ తర్వాతి సంవత్సరాల్లో సంస్థ ఒక పెద్ద మార్పు తలపెట్టింది. పనంతా లండన్‌లోనే కాకుండా ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికా నగరాల్లో ఉండాలని, బాధితులకు దగ్గరగా చేరాలని. ఆలోచన మంచిదే. నడిపించింది బెంగళూరుకు చెందిన సలిల్ శెట్టి. కానీ ఏళ్లుగా పనిచేస్తున్న సిబ్బంది తమ మాట వినేవాళ్లు లేరని నలిగిపోయారు. 2018 మే నెలలో పారిస్ కార్యాలయంలో గేతాన్ మూతూ ప్రాణం తీసుకున్నాడు. పశ్చిమ ఆఫ్రికా మీద మూడు దశాబ్దాలు పనిచేసిన పరిశోధకుడు. 2019 మొదట్లో బయటి నిపుణులు ఇచ్చిన నివేదిక సంస్థలో విషపూరితమైన పని వాతావరణం ఉందని తేల్చింది. ఆ నివేదికను దాచకుండా ప్రచురించడం ఒక్కటే అందులో కాస్త ఊరట. వెళ్లే దారి సరైనదే అయినా, నడిచేవాళ్లను అడగకుండా వేసిన దారి మనుషులను తొక్కేస్తుంది.

ఎవరి గురించో వాళ్లే

2015 ఆగస్టు 11న డబ్లిన్‌లో వందలమంది ఆమ్నెస్టీ ప్రతినిధులు మరో కఠినమైన ఓటు వేశారు. పరస్పర అంగీకారంతో పెద్దవాళ్ల మధ్య జరిగే సెక్స్ వర్క్‌ను నేరంగా చూడకూడదని నిర్ణయించారు. అంతకుముందు రెండేళ్లు సంప్రదింపులు సాగాయి. ముసాయిదా బయటికి పొక్కగానే మానవ అక్రమ రవాణాను ఎదిరించే సంస్థలు మండిపడ్డాయి. మెరిల్ స్ట్రీప్, కేట్ విన్‌స్లెట్ లాంటి హాలీవుడ్ నటులు వ్యతిరేకంగా సంతకాలు పెట్టారు. మరోవైపు కోల్‌కతా సోనాగాచిలో, మహారాష్ట్ర సాంగ్లీలో సంఘాలు కట్టుకున్న స్త్రీలు తాము ఎప్పటినుంచో అడుగుతున్నది ఇదేనన్నారు.

ఈ వాదన మనకు దూరపుది కాదు. అనంతపురం, కడప జిల్లాల కరువు ఊళ్ల నుంచి పుణె, ముంబై, ఢిల్లీ చేరిన తెలుగు ఆడవాళ్ల చరిత్ర తెలిసిందే. మోసపోయి వెళ్లి, బయటపడి, ఊరికి తిరిగొచ్చినామె ఒక జవాబు చెబుతుంది. పిల్లల చదువు కోసం అక్కడే ఉండిపోయి, పోలీసు లాఠీకి భయపడుతూ బతికే ఆమె ఇంకొకటి చెబుతుంది. ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి, ఇద్దరికీ అర్థమయ్యే భాషలో అడగకుండా ఏ సంస్థ అయినా ఆ విషయంలో వైఖరి ప్రకటిస్తే అది సగం గుడ్డిదే. హాలీవుడ్ సంతకాలకు దొరికినంత చోటు పత్రికల్లో ఆ ఇద్దరికీ దొరకలేదు. నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే.

ఇక మన దగ్గరి చిన్న సంస్థల సంగతి. కనీసం ఏడుగురు సభ్యులుంటే సొసైటీ రిజిస్టరు చేయొచ్చు. ఏడాదికోసారి సర్వసభ్య సమావేశం జరపాలి. మినిట్స్ పుస్తకం తెరిస్తే పేజీ పేజీకీ అవే వాక్యాలు. కోరం ఉన్నందున సమావేశం ప్రారంభించడమైనది. కూలంకషంగా చర్చించి ఏకగ్రీవంగా తీర్మానించడమైనది. కింద సంతకాలు, కొన్నిచోట్ల వేలిముద్రలు. చాలాచోట్ల ఆ పేజీ సమావేశానికి ముందే తయారవుతుంది. వేలిముద్ర వేసిన ఆమెకు అందులో ఏముందో చదివి వినిపించినవాళ్లు ఉండరు. ఆమె పేరు మీదే నిధులు వస్తాయి, ఆమె ఫొటోయే వార్షిక నివేదిక అట్ట మీద ఉంటుంది.

ఇంతకన్నా మంచి పద్ధతి మన పల్లెలకు తెలియనిది కాదు. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994లో మొదలుపెట్టిన ప్రజా విచారణల స్ఫూర్తితో 2006 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ మొదలైంది. మస్టర్ రోల్‌లోని పేర్లు అందరి ముందూ చదువుతారు. ఈ పనికి నువ్వు వెళ్లావా, ఇన్ని రోజులు చేశావా, ఇంత డబ్బు చేతికొచ్చిందా అని పేరు పెట్టి అడుగుతారు. లేచి నిలబడి లేదన్న కూలీ మాట రికార్డుకెక్కుతుంది. ప్రభుత్వాన్ని ఇలా అడగమని ఊరికి నేర్పిన సంస్థలు తమ లెక్కల్నీ, తమ వచ్చే ఐదేళ్ల ప్రణాళికనూ అదే రచ్చబండ దగ్గర ఎందుకు చదవకూడదు? యాక్షన్ ఎయిడ్ అనే అంతర్జాతీయ సంస్థ 2000లో ఆ దిశగా అడుగేసింది. దేశాల కార్యాలయాలు లండన్‌కు రాసే లావుపాటి వార్షిక నివేదికలు మానేసి, ఏటా ఊళ్లలో జనంతో కూర్చుని చేసిన పనిని సమీక్షించుకోవాలంది. తర్వాత ప్రధాన కార్యాలయాన్నే జొహానెస్‌బర్గ్‌కు మార్చుకుంది. ఆ మార్పుల కాలంలో దాని సారథి కూడా సలిల్ శెట్టే. ఒకే మనిషి నాయకత్వంలో ఒకచోట చర్చ వికసించింది, ఇంకోచోట ఊపిరాడలేదు. నాయకుడి మంచితనం మీద ఆధారపడితే చాలదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

చర్చకు ఖర్చవుతుంది. ఈ మాట ఎవరూ గట్టిగా అనరు. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించి పరిపాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి కుదించారు. కార్యవర్గ సభ్యుల ప్రయాణ ఖర్చులూ ఆ లెక్కలోకే వస్తాయి. ఒక సంస్థ విదేశీ విరాళాన్ని మరో సంస్థకు ఇవ్వడం కూడా ఆగిపోయింది. దాతలు కోరేది ఎన్ని కుట్టుమిషన్లు పంచారు, ఎంతమందికి శిక్షణ ఇచ్చారు అన్న అంకెలు. ఏ పని మానుకోవాలో, ఏది కొత్తగా తలకెత్తుకోవాలో సభ్యులు రెండు రోజులు కూర్చుని కొట్లాడుకోవడానికి ఏ ప్రాజెక్టులోనూ పద్దు ఉండదు. సంస్థాగత నిధులు ముట్టని మానవ హక్కుల వేదిక లాంటివి ఆ చిక్కు నుంచి తప్పించుకున్నాయి. జీతం లేకుండా పనిచేయగల చదువుకున్న కార్యకర్తలుంటేనే అది సాధ్యం. రోజు కూలి మీద బతికే ఆడవాళ్ల సంఘానికి ఆ దారి తెరుచుకోదు.

హైదరాబాదులోనో డల్లాస్‌లోనో ఉండి సొంత ఊరి సంస్థకు డబ్బు పంపే తెలుగువాళ్లు ఎందరో. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు కూడా. ఈసారి చెక్కు రాసేటప్పుడు ఆ సంస్థ సర్వసభ్య సమావేశానికి ఎంతమంది వచ్చారో, ఎవరు కాదన్నారో, ఎందుకన్నారో అడగండి. వచ్చే ఏడాది ఆ సమావేశానికి వచ్చే ఒక్కో మహిళకు బస్సు చార్జీ, మధ్యాహ్నం భోజనం, పోగొట్టుకున్న ఆ రోజు కూలి బడ్జెట్‌లో రాయమనండి. ఆ డబ్బు మీరే ఇవ్వండి.